ట్రాలీ మీద గుడారం, తోవలో చల్లదనం

నిజామాబాద్ జిల్లా నవీపేట్ చుట్టుపక్కల ఊళ్ల నుంచి జాతరకు బయల్దేరే ట్రాక్టర్ ట్రాలీని ఎప్పుడైనా దగ్గర నుంచి చూశారా? నాలుగు మూలలా వెదురు బొంగులు నిలబెట్టి, వాటి మీద వంపుగా తాడిపత్రి కట్టి, అడుగున వరిగడ్డి పరిచి, పైన జంపఖానా వేస్తారు. ముసలివాళ్లు, పిల్లలు, బియ్యం మూట, పొయ్యి, నీళ్ల డ్రమ్ము అన్నీ అందులోనే. రాత్రి పడక కూడా అక్కడే. విదేశాల్లో కారు వెనక తగిలించుకుపోయే మడత గుడారం బండికి మన దగ్గర ఉన్న రూపం ఇదే. బాసరకైనా, కందకుర్తి సంగమానికైనా, మేడారానికైనా బండి కదిలే ముందు ఇంటి ఆడవాళ్లు తేల్చుకోవలసిన పెద్ద లెక్క ఒకటుంది: ఏది పాడవుతుంది, ఏది నిలుస్తుంది, దేన్ని చల్లగా ఉంచాలి? ఆ లెక్కకు పనికొచ్చే విశేషాలు ప్రపంచం నలుమూలలా ఉన్నాయి, మన పెరట్లోనూ ఉన్నాయి.

లీటరు నీరు, ఏడు కిలోల ఐసు

కిలో ఐసు కరిగేటప్పుడు చుట్టూ ఉన్న వస్తువుల నుంచి 80 కిలోకేలరీల వేడిని లాక్కుంటుంది. లీటరు నీరు ఆవిరి కావాలంటే దాదాపు 580 కిలోకేలరీలు కావాలి. అంటే రంజన్ (నీళ్ల మట్టికుండ) గోడలు చెమర్చి ఒక లీటరు నీరు గాలిలో కలిసిందంటే, ఏడు కిలోల ఐసు లాగగలిగినంత వేడిని అది లాగినట్టు. ఆ వేడి మొత్తం కుండలోని నీళ్ల నుంచే రాదు, కొంత చుట్టూ ఉన్న గాలి నుంచి వస్తుంది. అయినా ఈ లెక్క తెలిశాక రంజన్ వైపు చూసే చూపు మారిపోతుంది. కరెంటు లేదు, ఖర్చు లేదు, కావలసింది నీడ, గాలి, పొడి వాతావరణం.

మూడోదాని సంగతి ముఖ్యం. మే నెలలో ఎండ 42 డిగ్రీలు ఉండి గాలిలో తేమ 20 శాతమే ఉంటే, తడి గుడ్డ చుట్టిన పాత్ర దాదాపు 24 డిగ్రీల దాకా దిగగలదు. అదే జులైలో 30 డిగ్రీలు, 80 శాతం తేమ ఉన్న రోజున ఎంత తడిపినా 27 దగ్గరే ఆగిపోతుంది. ఎండ మండిపోయే రోజున 18 డిగ్రీలు తగ్గించే కుండ, ముసురు పట్టిన రోజున మూడు డిగ్రీలకు మించి తగ్గించలేదు. ఎండాకాలంలో రంజన్ మీద ఉన్న నమ్మకాన్ని వానాకాలం ప్రయాణంలో కూడా పెట్టుకుంటే తిండి పాడవుతుంది.

ఇంకో మాట. కుండకు రంగు వేయకూడదు, జిగురు పూయకూడదు. గోడలోని సన్న రంధ్రాలు మూసుకుపోతే చెమట పట్టదు, చెమట పట్టని కుండ చల్లబడదు. పాత రంజన్ చల్లదనం తగ్గడానికి కారణం కూడా ఇదే. నీళ్లలోని ఉప్పు, సున్నం ఆ రంధ్రాల్లో పేరుకుంటాయి.

గోనె సంచి అలమార

1890ల్లో పశ్చిమ ఆస్ట్రేలియాలో బంగారం తవ్వకానికి వేలమంది ఎడారిలో గుడారాలు వేసుకున్నారు. ఊరి పేరు కూల్‌గార్డీ. అక్కడ ఐసు లేదు, నీళ్లే కరువు. ఆర్థర్ ప్యాట్రిక్ మెక్‌కార్మిక్ అనే ఆయన చెక్క చట్రానికి నాలుగు పక్కలా గోనె గుడ్డ కట్టి ఒక అలమార చేశాడు. పైన నీళ్ల పళ్లెం. అందులోంచి గుడ్డ పేలికలు కిందికి వేలాడతాయి. నీరు పేలికల వెంట మెల్లగా దిగి గోనెను తడుపుతూ ఉంటుంది. అడుగున ఇంకో పళ్లెం, కారిన నీళ్లు పట్టడానికి. అలమార కాళ్లు నీళ్లలో ఉంటాయి కాబట్టి చీమలు ఎక్కవు. మాంసం, వెన్న, పాలు అందులోనే పెట్టేవాళ్లు. ఆ తర్వాత ఎన్నో ఏళ్లపాటు ఆస్ట్రేలియా పల్లె ఇళ్లలో, గుడారాల్లో ఇదే వాడారు.

వడ్ల సంచులకు కొదవలేని నిజామాబాద్ జిల్లాలో ఇది చేసుకోవడం కష్టమేమీ కాదు. వెదురు గంప ఒకటి తీసుకోండి. అడుగున ఇటుకలు పెట్టి లేపండి, కింది నుంచి కూడా గాలి ఆడాలి. పాల గిన్నె, పెరుగు గిన్నె, కూరగాయలు లోపల సర్దండి. ఉతికిన గోనె సంచిని నీళ్లలో ముంచి, కారడం ఆగేదాకా పిండి, గంప చుట్టూ కప్పండి. పైన మూతలాంటి పళ్లెంలో నీళ్లు పోసి, పాత నూలు చీర పేలికలు రెండు మూడు ఒక కొస నీళ్లలో, ఇంకో కొస గోనె మీద ఉండేలా వేయండి. నూలు గుడ్డే కావాలి, పాలిస్టర్ అంత బాగా నీటిని పీల్చదు. ట్రాలీ నీడలో, గాలి వీచే పక్కన పెట్టండి. తాడిపత్రి మూసి ఉక్కపోసే చోట పెడితే మాత్రం లోపలి గాలి తేమతో నిండిపోతుంది, గోనె తడిగానే ఉంటుంది, పాలు విరుగుతాయి.

కుండలో కుండ

నైజీరియాలో మహమ్మద్ బా అబ్బా అనే ఉపాధ్యాయుడు కుమ్మరుల కుటుంబంలో పుట్టినవాడు. 1995లో ఆయన ఒక చిన్న కుండను పెద్ద కుండలో దించి, మధ్య ఖాళీలో తడి ఇసుక నింపి, పైన తడి గుడ్డ కప్పాడు. మూడు రోజులకే వాడిపోయే వంకాయలు అందులో 27 రోజులు నిలిచాయని లెక్క తేలింది. 2000లో ఆయనకు రోలెక్స్ పురస్కారం వచ్చింది. మన దేశంలో గుజరాత్‌లోని వాంకానేర్‌కు చెందిన మన్‌సుఖ్‌భాయ్ ప్రజాపతి మట్టితోనే ఫ్రిజ్ చేసి మిట్టీకూల్ పేరుతో అమ్మకానికి పెట్టాడు. ఆయనా కుమ్మరి ఇంటి బిడ్డే. ఈ ఇద్దరినీ చూశాక మన ఊళ్లలో సారె తిప్పే చేతులకు ఇలాంటి పని ఎందుకు ఇవ్వడం లేదన్న ప్రశ్న నన్ను వదలదు. ఇసుక, మట్టి, పని తెలిసిన మనుషులు, మూడూ ఇక్కడే ఉన్నాయి.

పాదుషా గుడారంలో పెట్లుప్పు

గుడారాల్లో గడిపినవాళ్లలో మొఘల్ చక్రవర్తి అక్బర్‌ను మించినవాళ్లు తక్కువ. ఆయన కదిలితే ఒక పట్టణమే కదిలేది. చల్లని నీళ్ల కోసం ప్రత్యేకంగా ఒక విభాగం ఉండేదని అబుల్ ఫజల్ ఐన్-ఇ-అక్బరీలో రాశాడు. పెట్లుప్పును నీళ్లలో వేసి, ఆ ద్రావణంలో తాగునీటి సీసాను తిప్పి చల్లబరిచేవాళ్లు. తుపాకి మందులో వేసే ఆ పెట్లుప్పే కరిగేటప్పుడు నీళ్ల నుంచి వేడిని లాగేస్తుంది. వాడిన ద్రావణాన్ని మరిగించి ఉప్పును మళ్లీ తీసుకునేవాళ్లు. 1580ల్లో కొలువు పంజాబ్‌కు మారాక హిమాలయాల నుంచి మంచు కూడా తెప్పించారు.

చలికాలం రాత్రి, పళ్లెంలో ఐసు

గాలి ఉష్ణోగ్రత సున్నాకు దిగకుండానే నీళ్లు గడ్డ కడతాయని తెలుసా? అలహాబాద్ ప్రాంతంలో చలికాలం రాత్రుళ్లు లోతు లేని మట్టి పళ్లాల్లో నీళ్లు పోసి, గడ్డి పరిచిన గుంతల్లో ఆరుబయట పెట్టేవాళ్లు. మబ్బు లేని ఆకాశంలోకి నీళ్ల వేడి వెళ్లిపోతుంది, కింద గడ్డి ఉండడంతో నేల వేడి పైకి రాదు. తెల్లవారేసరికి పల్చని ఐసు పెంకులు. వాటిని ఏరి గోతుల్లో దట్టించి ఎండాకాలం దాకా దాచేవాళ్లు. సర్ రాబర్ట్ బార్కర్ ఈ పద్ధతిని 1775లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో వివరించాడు. మన దగ్గర అంత చలి ఉండదు, కానీ సూత్రం పనికొస్తుంది. మాఘమాసంలో మేడారం దారిలో రాత్రి ఆగినప్పుడు నీళ్ల సీసాలను తాడిపత్రి కింద ఉంచకుండా, గడ్డి మీద ఆకాశం కనబడేలా పెట్టండి. పొద్దు పొడవకముందే లోపలికి తీసి గోనెలో చుట్టండి.

ఊక విలువ

1833లో అమెరికాలోని బోస్టన్ నుంచి టస్కనీ అనే ఓడ సరస్సుల్లో కోసిన ఐసుతో కలకత్తాకు బయల్దేరింది. పంపింది ఫ్రెడెరిక్ ట్యూడర్ అనే వ్యాపారి. ఎక్కించింది 180 టన్నులు. నాలుగు నెలల సముద్ర ప్రయాణం, రెండుసార్లు భూమధ్యరేఖ దాటడం. అయినా 100 టన్నుల దాకా గడ్డగానే చేరింది. కాపాడింది రంపపు పొట్టు, గడ్డి లాంటివే. ఆ వ్యాపారం కోసమే 1842లో మద్రాసులో ఐస్ హౌస్ కట్టారు. 1897లో స్వామి వివేకానంద బస చేసిందీ అందులోనే, ఇప్పుడు దాని పేరు వివేకానందర్ ఇల్లం.

రంపపు పొట్టుకు మన ప్రాంతంలో సాటి వచ్చేది వరి ఊక. రైసుమిల్లు వెనక గుట్టలుగా పడి ఉంటుంది. ఐసు గడ్డను గోనెలో చుట్టి, నాలుగు వేళ్ల మందాన ఊక మధ్యలో పెడితే చాలాసేపు నిలుస్తుంది. ఊక పొడిగా ఉండాలి, తడిసిందంటే దాని గుణం పోతుంది. కరిగిన నీరు కిందికి పోయే దారి ఉంచాలి. థర్మోకోల్ చేసే పని కూడా ఇదే. అందులో 98 శాతం కదలని గాలే.

బోధన్ చెరుకు, ఎండదెబ్బ

ఎండలో పాడయ్యే తిండి అంటే పాలు, మాంసం గుర్తొస్తాయి. చెరుకు గుర్తు రాదు. కానీ నరికిన చెరుకు కూడా గంటగంటకూ పాడవుతుంది. గడలోని చక్కెరను దానిలో ఉన్న రసాయనాలే విడగొట్టేస్తాయి, నరికిన కొసల నుంచి బ్యాక్టీరియా చొరబడి రసాన్ని జిగటగా మారుస్తుంది, బరువూ తగ్గుతుంది. అందుకే నరికిన 24 గంటల్లో గానుగకు చేరాలంటారు. ఆలస్యం తప్పనప్పుడు చెరుకు మోపులను నీడకు చేర్చి, ఎండిన చెరుకాకు కప్పి, పైన నీళ్లు చల్లుతారు. గోనె సంచి అలమారకూ దీనికీ సూత్రం ఒక్కటే.

బోధన్ శక్కర్‌నగర్‌లో 1937లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ వెలిశాక ఈ గంటల లెక్క ఒక ప్రాంతం బతుకునే నడిపింది. నిజాంసాగర్ నీళ్లతో చెరుకు పెరిగింది, జానకంపేట నుంచి బోధన్‌కు రైలు పట్టాలు పడ్డాయి. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదిగా పేరుపొందిన ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. నరికిన చెరుకును దూరం తోలుకుపోవలసి వచ్చిన రైతుకు దారిలో గడిచే ప్రతి గంటా నష్టమే. కోల్డ్ స్టోరేజీల గురించి మాట్లాడేటప్పుడు ఈ నష్టాన్ని ఎవరూ లెక్కలో వేయరు. వేయాలి.

పిప్పి సంగతి కూడా వినండి. 1920ల మొదట్లో అమెరికాలోని లూసియానాలో చెరుకు పిప్పిని నొక్కి వేడిని ఆపే పలకలు చేశారు, పేరు సెలోటెక్స్. ఇళ్ల గోడలకు, కప్పులకు విరివిగా వాడారు.

గడ్డను పగలగొట్టకండి

పది సెంటీమీటర్ల ఐసు గడ్డకు బయటి వైశాల్యం 600 చదరపు సెంటీమీటర్లు. దాన్ని సెంటీమీటరు ముక్కలుగా చేస్తే వెయ్యి ముక్కలు, వాటన్నింటి వైశాల్యం 6,000. పది రెట్లు. వేడి లోపలికి పోయే దారి కూడా పది రెట్లు పెరుగుతుంది. త్వరగా చల్లబడాలంటే ముక్కలు, రెండు రోజులు నిలవాలంటే గడ్డ.

ఇంకో లెక్క. పది లీటర్ల నీళ్ల సీసాలను 35 డిగ్రీల వేడితో డబ్బాలో పెట్టి 5 డిగ్రీలకు తేవాలంటే దాదాపు 4 కిలోల ఐసు అందుకే కరిగిపోతుంది. ముందు రోజు వాటిని తడి గోనెలో ఉంచి 24కు దించి పెడితే రెండున్నర కిలోలు చాలు. మట్టి పద్ధతి, ఐసు పద్ధతి రెండూ కలిపి వాడితేనే డబ్బు మిగులుతుంది.

కుల్ఫీ అమ్మేవాళ్ల డబ్బాలో ఐసుకు ఉప్పు కలపడం చూసే ఉంటారు. పాళ్లు కుదిరితే ఆ మిశ్రమం మైనస్ 21 డిగ్రీల దాకా దిగుతుంది. ఐసు ఫ్యాక్టరీలో కూడా నీళ్ల డబ్బాలను ముంచేది గడ్డకట్టని ఉప్పునీళ్ల తొట్టిలోనే. కానీ ఫ్యాక్టరీ గడ్డలన్నీ నోట్లో వేసుకోవడానికి చేసినవి కావు. తినకూడని ఐసుకు నీలం రంగు కలపాలని 2018లో దేశ ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఆదేశించింది. రంగు ఉన్నా లేకపోయినా, చెరుకురసంలో వేసే ఐసు ఏ నీళ్లతో చేసిందో అడగండి. డబ్బా చుట్టూ పెట్టడానికి ఏ గడ్డయినా పరవాలేదు, గ్లాసులోకి మాత్రం కాదు.

ఏఎన్ఎమ్ భుజాన ఉన్న పెట్టె

టీకాల రోజున ఊళ్లోకి వచ్చే ఏఎన్ఎమ్ భుజాన నీలం రంగు పెట్టె గమనించారా? చిన్న పెట్టెలో చల్లదనం ఎలా నిలపాలో నేర్చుకోవాలంటే దాన్ని మించిన బడి లేదు. లోపల నాలుగు గోడలకు నాలుగు ఐసు పలకలు బిగుతుగా ఆనుకుని ఉంటాయి, మధ్యలో టీకా సీసాలు. ఖాళీ చోటు దాదాపు ఉండదు. టీకాలకు 2 నుంచి 8 డిగ్రీలు కావాలి, గడ్డకడితే కొన్ని టీకాలు పనికిరావు. అందుకని ఐసు పలకలను ఫ్రీజర్ నుంచి తీయగానే పెట్టెలో పెట్టరు. కాసేపు బయట ఉంచి, చెవి దగ్గర పెట్టి ఊపుతారు. లోపల నీళ్లు కదిలిన చప్పుడు వినబడితేనే పెట్టెలోకి. ఆ చప్పుడంటే పలక సున్నా డిగ్రీలకు వచ్చిందని అర్థం. మూత ఊరికే తెరవరు, పెట్టెను ఎండలో పెట్టరు.

మన థర్మోకోల్ డబ్బాకు కూడా ఇవే నియమాలు పెట్టి చూడండి. పిల్లలు గంటకు పదిసార్లు తెరిచే నీళ్ల సీసాలకు ఒక డబ్బా, పాలు, మాంసానికి ఇంకోటి. ఇంట్లో ఎన్ని డబ్బాలున్నాయన్న దానికన్నా మూత ఎన్నిసార్లు లేస్తుందన్నదే ముఖ్యం.

శనివారం సంత

నవీపేట్‌లో శనివారం మేకల సంత జరుగుతుంది. మహారాష్ట్ర వైపు నుంచి కూడా బేరానికి వస్తారు. జాతరకు పోయేవాళ్లు మేకనో కోడినో ప్రాణంతోనే ట్రాలీ ఎక్కించుకుపోవడం మొక్కు కోసమే అయినా, మాంసం పాడవకుండా అంత దూరం తీసుకుపోయే పద్ధతి కూడా అదే. సముద్రాలు దాటిన పాత ఓడలు కూడా ఇలాగే కోళ్లను, మేకలను ఎక్కించుకున్నాయి. కోసిన తర్వాతే గడియారం మొదలవుతుంది. శ్రీరాంసాగర్ వెనక నీళ్లలో పట్టిన చేపలకు ఆ వీలు లేదు. వాటికి ఐసు కావాలి, చేప ఎంత బరువుంటే అంత ఐసు, పొర మీద పొరగా.

మంటతో నడిచే ఫ్రిజ్

1922లో స్టాక్‌హోమ్‌లో ఇద్దరు విద్యార్థులు, బాల్ట్‌జార్ వాన్ ప్లాటెన్, కార్ల్ ముంటర్స్, తిరిగే భాగమంటూ లేని ఫ్రిజ్‌ను కనిపెట్టారు. చిన్న మంట అమోనియాను మరిగిస్తుంది, అది మళ్లీ నీళ్లలో కలిసే దారిలో వేడిని లాగుతుంది. గ్యాసు సిలిండరుతో నడుస్తుంది కాబట్టి విదేశీ గుడారం బండ్లలో ఇప్పటికీ దీన్ని వాడతారు. బండి ఒక పక్కకు ఒరిగి నిలబడితే సరిగ్గా పనిచేయదు. ఐన్‌స్టైన్ కూడా లియో జిలార్డ్‌తో కలిసి తిరిగే భాగాలు లేని ఫ్రిజ్ మీద పనిచేసి 1930లో అమెరికా పేటెంటు పొందాడు. దాని వెనక బెర్లిన్‌లో పాత ఫ్రిజ్ నుంచి విషవాయువు కారి ఒక కుటుంబం చనిపోయిందన్న వార్త ఉందని చెబుతారు.

చల్లదనం అడగని సద్ది

అన్నింటికన్నా చవకైన ఉపాయం, చల్లగా ఉంచనక్కరలేని తిండి తీసుకుపోవడం. జొన్నరొట్టెలో తడి తక్కువ. సకినాల్లో ఇంకా తక్కువ. పులిహోరలో చింతపండు పులుపు, నూనె. అరిసెల్లో బెల్లం తడిని పట్టి ఉంచి బ్యాక్టీరియాకు అందనివ్వదు. సమ్మక్క సారలమ్మలకు బంగారమని సమర్పించే బెల్లానికి కూడా ఏ డబ్బా అక్కరలేదు, వాన తగలకుంటే చాలు. సల్ల పులిసేకొద్దీ అందులోని ఆమ్లమే దాన్ని కాపాడుతుంది.

తెల్లన్నం విషయంలో మాత్రం ఏమరకండి. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. పెద్ద గుండిగలో అన్నం గంటల తరబడి గోరువెచ్చగా ఉంటే అవి మొలకెత్తి విషం తయారుచేస్తాయి, వాంతులు తెప్పించే ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు. వండింది 5 డిగ్రీల కన్నా చల్లగా లేదా 60 కన్నా వేడిగా ఉండాలి. మధ్యలో ఉంటే రెండు గంటలు, ఎండ 32 డిగ్రీలు దాటితే ఒక గంట, అంతే గడువని అమెరికా ఆహార భద్రతా అధికారులు చెబుతారు. పూటపూటకూ తినేంతే వండుకునే మన ట్రాలీ వంట అలవాటు ఈ లెక్కకు సరిగ్గా సరిపోతుంది.

గోదావరి పుష్కరాలు 2015 జులైలో జరిగాయి, మళ్లీ 2027 వానాకాలంలో వస్తున్నాయి. గోదావరి, మంజీర, హరిద్ర కలిసే కందకుర్తికి, అవతలి ఒడ్డున బాసరకు వేల ట్రాలీలు కదులుతాయి. ఆ తేమలో రంజన్‌ను నమ్ముకోలేం కాబట్టి ఐసు, థర్మోకోల్ డబ్బాలు వెంట ఉండక తప్పదు. స్నానం చేసి తిరిగి వచ్చేటప్పుడు ఆ డబ్బాలను ఒడ్డున వదలకండి. థర్మోకోల్ మట్టిలో కలవదు, నీళ్లలో ముక్కలై చేపల కడుపులోకి పోతుంది. ఇంటికి తెచ్చుకుంటే మరుసటి జాతరకు పనికొస్తుంది.